ఎనిమిదో రోజు లెక్క

ఆ ఏడు వానలు కాస్త ముందే పడ్డాయి. కంది విత్తే హడావుడిలో ఉండి మా అన్న గణేశ్, కూతురు అమూల్య కాళ్ల మీద నల్లటి మచ్చలు కనిపించినా పట్టించుకోలేదు. ఏడేళ్ల పిల్ల, బడి లేనప్పుడల్లా గొర్రెల వెనక ఉరుకుతుంది, ఎక్కడో తగిలించుకొని ఉంటుందనుకున్నాడు. ఒకరోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఎంతకీ ఆగలేదని మా వదిన సుమిత్ర నాకు ఫోన్ చేసింది. రెండు వారాల నుంచి సాయంత్రం కాగానే పిల్ల ఒళ్లు వెచ్చబడుతోందని కూడా అప్పుడే చెప్పింది. వెంటనే తాండూరుకు తీసుకురమ్మన్నాను.

నేను తాండూరులో రైల్వేస్టేషన్ దగ్గర రాఘవేంద్ర సార్ ల్యాబులో పని చేస్తాను. రక్తం తీయడం, పరీక్షించడం, రిపోర్టు రాయడం. అప్పటికి ఆరేళ్లయింది. యాలాల్ దగ్గరి మా ఊళ్లో, మా గొల్లోళ్ల ఇళ్లలో పై చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. అందుకని ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా నాకే ఫోన్ చేస్తారు. మలేరియానా, టైఫాయిడా అని చెప్పి పంపిస్తుంటాను. అమూల్యది కూడా అలాంటిదే అయి ఉంటుందని అనుకున్నాను.

రక్తం నేనే తీశాను. ఒక చుక్కను గాజు పలక మీద పరిచి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలుగా తెల్లకణాలు రకరకాలుగా ఉంటాయి, అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. ఆ పలక నిండా ఒకే తీరువి ఉన్నాయి. గుండ్రంగా, ముదురు రంగులో, ఇంకా ఎదగని కణాలు. చదువుకునేటప్పుడు పుస్తకంలో చూశాను. ఉద్యోగంలో చేరాక రెండుసార్లు చూశాను, రెండుసార్లూ పెద్దవాళ్ల రక్తంలో. పలక తీసి, సరిగ్గా రంగు వేయలేదేమోనని ఇంకో పలక చేశాను. అదీ అంతే.

రాఘవేంద్ర సార్ చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, ఇంట్లో ఇప్పుడే జబ్బు పేరు చెప్పొద్దని, మధ్యాహ్నం బండికే హైదరాబాద్ తీసుకెళ్లమని అన్నారు. బయట బెంచీ మీద అమూల్య చేతికి అంటించిన దూదిని ఎత్తి చూసుకుంటోంది. రక్తం ఇంకా ఆగలేదు.

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి పిల్లల వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు ఉన్నారు. అమూల్యకు దొరికిన మంచం మీద మోమిన్‌పేట్ నుంచి వచ్చిన నిఖిల్ అనే ఐదేళ్ల బాబు ఉన్నాడు. వాడిదీ అదే జబ్బు, వచ్చి నెల కావస్తోంది. వాళ్లది కిరాణా దుకాణం. వాళ్లమ్మ వాసవి డిగ్రీ చదివింది. పిల్లవాడి ఫైలులో ఏ కాగితం ఎక్కడ ఉందో ఆమెకు చూడకుండానే తెలుసు. మా వదిన మూడో తరగతితో బడి మానేసింది. తాండూరు దాటి పోవడం కూడా అదే మొదలు. వచ్చిన మొదటి రోజే వాసవి తన చాపలో సగం జరిగి ఆమెకు చోటిచ్చింది.

ఎముక మూలుగ పరీక్ష అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. రక్త క్యాన్సర్ అని పేరు పెట్టే చెప్పింది. అన్న ఒక్కటే అడిగాడు, పిల్ల బతుకుతుందా అని.

ఇప్పుడే చెప్పలేనంది ఆమె. జబ్బు ఏ రకమో, ఎంత మొండిదో ముందే తేల్చే పెద్ద పరీక్షలు ఉన్నాయి కానీ అవి ఇక్కడికి వచ్చే పిల్లలందరికీ చేసే వీలు లేదట. తమ చేతిలో ఉన్నది చిన్న పరీక్ష. వారం రోజులు మాత్రలు వేసి, ఎనిమిదో రోజు రక్తంలో ఆ ఎదగని కణాలు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం. వెయ్యి లోపు ఉంటే జబ్బు మందుకు లొంగుతున్నట్టు. అలాంటి పిల్లల్లో నూటికి ఎనభై మంది దాకా నిలబడుతున్నారు, వాళ్లకు తేలిక మందులు చాలు, చాలావరకు వికారాబాద్‌లోనే వేయించుకోవచ్చు. వెయ్యి దాటితే కష్టం. నూటికి యాభై. బలమైన మందులు పెట్టాలి, నెలల తరబడి ఇక్కడే ఉండాలి.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి," అంది చివర్లో. "ఈ లెక్కలన్నీ చివరిదాకా మందులు వేయించుకున్న పిల్లలవి. మధ్యలో ఇంటికి తీసుకుపోయినవాళ్లవి ఇందులో లేవు."

ఆ చివరి మాట నేను విన్నాను. అన్న విన్నాడో లేదో తెలియదు. ఆయన వెయ్యి దగ్గరే ఆగిపోయాడని బయటికి వచ్చాక అర్థమైంది.

మా అన్న గురించి ఒక సంగతి చెప్పాలి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఈనిన గొర్రెల దగ్గరికి ఆయన్ను పిలుచుకుపోతారు. పుట్టిన గొర్రెపిల్లను ఒకసారి ఎత్తి, నోట్లో వేలు పెట్టి చూసి, అది నిలుస్తుందో లేదో చెప్పేస్తాడు. తల్లికి పాలు తక్కువై కవల పిల్లలుంటే, నిలవనిదని తోచినదాన్ని పక్కన పెట్టించి, పాలన్నీ రెండోదానికి తాగిస్తాడు. అందులో కోపమూ లేదు, జాలి లేకపోవడమూ లేదు. ఉన్న పాలు అన్నే. మా నాన్న బిచ్చయ్య దగ్గర నేర్చుకున్న పని అది. అన్న చెప్పింది జరగకపోవడం నేను వినలేదు.

ఆ రోజు వార్డు మెట్ల మీద కూర్చొని నాతో అన్నాడు. "ఎనిమిదో నాడు తెలుస్తది గద చెల్లె. మంచిగుంటె ఎన్ని తిప్పలైన పడి చూపిద్దాం. లేకుంటె ఇంట్లనే ఉంచుకుందాం. సూదులు గుచ్చి గుచ్చి పిల్లను సతాయించుడు నాతోని కాదు."

ఐదు రోజులయ్యాక అమూల్యకు జ్వరం తగ్గింది. కొత్త పిల్లలకు మంచాలు కావాలి. ఎనిమిదో రోజు ఆదివారం పడుతోంది. నేను ల్యాబులో పనిచేస్తానని తెలిసి డాక్టరమ్మ మమ్మల్ని ఇంటికి పంపించింది. ఆదివారం రక్తం నన్నే చూడమంది, లెక్క ఫోన్‌లో చెప్పి, సోమవారం పిల్లతో పాటు గాజు పలక కూడా తెమ్మంది.

ఆదివారం ల్యాబుకు సెలవు. రాఘవేంద్ర సార్ తాళంచెవి ఇచ్చారు. పొద్దున తొమ్మిదింటికి అన్నా వదినా పిల్లను తీసుకొని వచ్చారు. రక్తం తీసి వాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి పోయాను.

తెల్లకణాలు మూడు వేల వంద. మొదటి రోజు యాభై రెండు వేలున్నవి అంతకు దిగాయి. తర్వాత పలక మీద రెండు వందల కణాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. అందులో ఎనభై ఎదగనివే. మూడు వేల వందలో ఆ పాళ్లు కట్టి చూస్తే పన్నెండు వందల నలభై.

మళ్లీ లెక్కపెట్టాను. ఆ ఎనభైలో పదిహేడు కణాలు నాకు ఎటూ తేలలేదు. రంగు కొంచెం లేతగా ఉంది. కొందరు వాటిని మామూలు కణాలనే అంటారేమో. వాటిని మంచివాటి వైపు వేస్తే లెక్క తొమ్మిది వందల డెబ్బై ఆరు అవుతుంది.

బయట అమూల్య వాళ్ల నాన్నను ఏదో అడుగుతోంది. తొమ్మిది వందల డెబ్బై ఆరు అని చెబితే ఆయన రేపు పొద్దున్నే పిల్లను ఎత్తుకొని బండెక్కుతాడు. పన్నెండు వందలంటే ఎక్కడు. నేను ఆ కుర్చీలో కూర్చొని ఆ పదిహేడు కణాలనే చూశాను. తక్కువ చెబితే అన్న వస్తాడు కానీ పిల్లకు సరిపోని మందు పెడతారు. ఎక్కువ చెబితే చాలినంత మందు రాస్తారు కానీ పిల్ల ఆసుపత్రికి చేరదు. ఆరేళ్లలో వేలమంది రక్తం చూశాను. రాసే అంకె ముందు అంతసేపు ఎప్పుడూ ఆగలేదు.

చివరికి డాక్టరమ్మకు ఫోన్ చేసి పన్నెండు వందల నలభై అన్నాను. పదిహేడింటి మీద నాకు అనుమానం ఉందని కూడా చెప్పాను. పలక తెస్తే తాను స్వయంగా చూస్తానంది ఆమె. ఎన్నింటికి వస్తారని అడిగింది. తెలియదన్నాను.

బయటికి వచ్చేసరికి అమూల్య తల్లి ఒడిలో నిద్రపోయింది. అన్న నిలబడే ఉన్నాడు.

"ఎంత?" అన్నాడు.

చెప్పాను. ఆయన తల ఊపి, బెంచీ మీది తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. నేను మందుల గురించి, మిగతా యాభై మంది గురించి మొదలుపెట్టాను. ఆయన మెల్లగా అడ్డొచ్చాడు.

"డాక్టరమ్మ ముందుగాలనే జెప్పింది గద. నాకు సమజైంది. నువ్వు పరేషాన్ గాకు. ఇంటికి పోదాం."

వదిన లేవలేదు. పిల్ల తల కింద చెయ్యి సర్దుకొని, నా వైపు చూసి అడిగింది.

"మొదటి నాడు ఎన్నుండె కరుణా?"

"నలభై ఆరు వేల దాక ఉండె వదినా."

"గా కణాలేనా? గా చెడ్డయేనా?"

"గవ్వే."

"మరి నలభై ఆరు వేలకెల్లి పన్నెండు నూర్లకు వచ్చినయంటె, తగ్గినట్టే గద."

పొద్దుటి నుంచి నేను చూస్తున్నది వెయ్యి అనే గీతను ఒక్కదాన్నే. పిల్ల ఎక్కడి నుంచి అక్కడికి వచ్చిందో చూడలేదు.

"తగ్గినయ్ వదినా," అన్నాను. "మస్తు తగ్గినయ్."

"అయితె రేపు ఏ బండికి పోవాలె?"

నువ్వొక్కదానివి ఎట్ల పోతవని అన్న అడిగాడు, బోర్డులు చదవడం కూడా సరిగా రాదు కదా అన్నాడు. అడుగుకుంట పోతనంది ఆమె. దాని మీద వాదన ఏమీ జరగలేదు. సోమవారం పొద్దున వాళ్లిద్దరితో నేను వెళ్లాను. అన్న స్టేషన్ దాకా వచ్చి, పిల్లను బండెక్కించి, దిగిపోయాడు.

డాక్టరమ్మ ఆ పలకను తానే చూసింది. పదిహేడింటిలో రెండు తప్ప అన్నీ చెడ్డవేనంది. బలమైన మందులు మొదలుపెట్టింది.

తర్వాతి రెండు నెలలు మా ఇల్లు మారిపోయింది. వదిన హైదరాబాద్‌లో, ఇంట్లో అన్న, నాన్న, మా అమ్మ బుగ్గమ్మ. అమ్మకు చూపు తక్కువ కాబట్టి జొన్నరొట్టెలు అన్నే చేయడం నేర్చుకున్నాడు. అవి తినలేక నాన్న పాలలో నానబెట్టుకునేవాడు. మూడు వారాలు దాటినా అన్న ఆసుపత్రికి రాలేదు. నాకు మాత్రం రోజూ ఫోన్ చేసి, పిల్ల తిన్నదా, వాంతులైనాయా అని అడిగేవాడు. లెక్కలు అడిగేవాడు కాదు. ముప్పై మూడో రోజు మూలుగ పరీక్షలో చెడ్డ కణాలు నూటికి రెండే ఉన్నాయని నేనే చెప్పాను. మంచిదేనా అన్నాడు. మంచిదే అన్నాను. మరుసటి రోజు మొదటి బండికి వచ్చాడు. జుట్టంతా రాలిన కూతురిని గుర్తుపట్టడానికి వార్డు గుమ్మంలో కాస్త ఆగాడు.

నిఖిల్‌కు ఎనిమిదో రోజున ఆ కణాలు అసలు కనిపించనే లేదట. వయసు, బరువు, తల్లి చదువు, ఇంటి నుంచి ఆసుపత్రికి దూరం, అన్నీ వాడికి అనుకూలంగానే ఉన్నాయి. తేలిక మందులతో వికారాబాద్‌లో చూపించుకుంటూ ఇంటి దగ్గరే ఉండొచ్చని పంపించారు. పోయే ముందు వాసవి వదినకు థర్మామీటరు చూడటం నేర్పింది. పాదరసం గీత ఎక్కడ ఆగిందో చూడమంది. నూరు దాటితే మాత్ర వేసి కూర్చోవద్దని, ఉన్నపళంగా బయలుదేరాలని, ఈ మందులు తీసుకునే పిల్లల్లో జ్వరాన్ని తట్టుకునే కణాలు ఉండవని వివరంగా చెప్పింది. వదిన అది రెండుసార్లు తిరిగి అప్పజెప్పింది. వాసవి తన థర్మామీటరు ఆమెకే ఇచ్చి, తాను వేరేది కొనుక్కుంటానంది.

వినాయక చవితి తర్వాత మోమిన్‌పేట్‌లో ఇంటింటికీ జ్వరాలొచ్చాయి. వాసవి భర్త వేణుకు వచ్చింది, అత్తకు వచ్చింది, నిఖిల్‌కు వచ్చింది. అందరికీ వచ్చినదే అనుకున్నారు. మాత్ర వేస్తే తగ్గింది. పొద్దునకు మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. బాబు ఆడుకుంటున్నాడు కూడా. మూడో రోజు హైదరాబాద్ తెచ్చేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి. రెండు రోజులే బతికాడు.

ఆ వారం నేను వార్డుకు వెళ్లినప్పుడు డాక్టరమ్మ తన గదిలో నిఖిల్ ఫైలు ముందు పెట్టుకొని కూర్చొని ఉంది. "మా కాగితాల ప్రకారం, ఈ వార్డులో అందరికన్నా గట్టిగా నిలబడాల్సినవాడు వీడే," అంది. నాతో అన్నదో, తనలో తాననుకుందో. అమూల్య అడిగితే, నిఖిల్ వాళ్లు ఇంటికి పోయారని వదిన చెప్పింది.

మందుల మధ్య పది రోజులు విరామం ఇచ్చినప్పుడు వాళ్లు ఊరికి వచ్చారు. మూడో రోజు మధ్యాహ్నం నేను ల్యాబులో ఉండగా అన్న ఫోన్ చేశాడు.

"నూటొకటి ఉన్నది. బయలెల్లినం."

అంతే చెప్పాడు. ఎగువన పడ్డ వానకు కాగ్నా వాగు పొంగి ఆ రోజు తాండూరు దారి మూసేశారు. గొర్రెలను గుట్ట మీదే పక్కింటి కిష్టప్పకు అప్పగించి, ఆటో మాట్లాడుకొని, దౌల్తాబాద్ మీదుగా కొడంగల్ తిరిగి బస్సు పట్టుకున్నారు. దీపాలు పెట్టకముందే ఆసుపత్రి చేరారు. రక్తం పరీక్ష రిపోర్టు కోసం చూడకుండానే సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అయినా జ్వరం తగ్గడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు ఎటూ చెప్పలేమన్నారు. ఆ పంతొమ్మిది రోజులూ అన్న అక్కడే వరండాలో ఉన్నాడు.

ఒక ఆదివారం ఆయనకు మార్చుకోవడానికి బట్టలు తీసుకెళ్లాను. ఇద్దరం బయట చాయ్ తాగుతుంటే, గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"నేను పాలు తాపనియ్యకుండ పక్కకు పెట్టిన పిల్లలుంటయి చూడు. వాటిల ఎన్ని బతుకునో చెల్లె, తాపితె."

మిగిలిన చాయ్ పారబోసి, బట్టల సంచీ తీసుకొని లోపలికి పోయాడు.

తర్వాతి రెండేళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వదినా అమూల్యా మొదట వారానికోసారి, తర్వాత నెలకోసారి హైదరాబాద్ పోయివచ్చారు. ఒక్క తారీఖు తప్పలేదు. మొన్న సంక్రాంతి దాటాక మాత్రలు ఆపేశారు. ఇంకో రెండేళ్లు చూడాలంటుంది డాక్టరమ్మ. ఈసారి నూటికి ఎంత అని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. అమూల్యకు జుట్టు భుజాల దాకా వచ్చింది, లెక్కల్లో మార్కులు రావడం లేదని వాళ్ల సారు బాధ. అన్న ఇప్పటికీ ఈనిన గొర్రెల దగ్గరికి వెళతాడు. ఏది నిలుస్తుందని అడిగితే మాత్రం, అన్నిటికీ తాపి చూడండ్రి అంటాడట. గణేశ్ మునుపటిలా కాదని ఊళ్లో అనుకుంటారు.

ఆ కాలంలో నాకు బాగా గుర్తున్నది మాత్రం, ఆ పంతొమ్మిది రోజుల జ్వరం తగ్గాక వాళ్లను ఇంటికి తెచ్చిన రోజు. అన్న ముందురోజే ఊరికి వెళ్లిపోయాడు, తీసుకురావడానికి నేను వెళ్లాను. కందిచేలు పూతకు వచ్చాయి, శంకర్‌పల్లి దాటిన దగ్గరి నుంచీ పట్టాలకు రెండు వైపులా పసుపుపచ్చగా ఉంది. అమూల్య మాస్కు పెట్టుకొని వదినకూ నాకూ మధ్య కూర్చుంది.

వికారాబాద్ స్టేషన్ రాగానే లేచి, సంచీ నా పక్కన పెట్టింది.

"నువ్వు పిల్లను తీస్కొని తాండూరు పో. నేను మోమిన్‌పేట్ పోయి వాసవిని చూసొస్త."

మేమూ దిగుతామన్నాను. ఒక్కదానివి ఎందుకన్నాను. ఆమె అమూల్య వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ఆమె ముంగట నా బిడ్డను నిలవెట్టుడు మంచిగుండది. నేనొక్కదాన్నే పోత."

దిగింది. కిటికీలోంచి చూస్తుంటే, ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు అమ్ముతున్న ఆమెను ఆపి ఏదో అడిగింది. ఆమె చెయ్యెత్తి బయటికి, బస్టాండు వైపు చూపించింది.

"అమ్మ యాడికి పోతుంది అత్తా?" అంది అమూల్య.

"మోమిన్‌పేట్‌కు."

"నిఖిల్ తానికా?"

"వాళ్లమ్మ తానికి," అన్నాను.

పిల్ల నా ముఖంలోకి చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత తల్లి కూర్చున్న చోటికి జరిగి, కిటికీ ఊచలు పట్టుకొని, వంతెన మెట్లెక్కుతున్న వదినను కనిపించినంతసేపూ చూస్తూ కూర్చుంది. బండి కదిలింది.